నగరం అంచున ఇల్లు: ఆ దూరాన్ని ఎవరు మోస్తున్నారు?

(హనుమంతునిపాడులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్ళకు, మనవళ్ళనీ మనవరాళ్ళనీ ఒళ్ళో పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్న అవ్వలకు నమస్కారం.

నన్ను వలస గురించి మాట్లాడమన్నారు. వలస సంగతి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? మిరపకోతలకు గుంటూరు వైపు, బేల్దారి పనికి హైదరాబాదుకు, బెంగుళూరుకు పోయి రావడం ఇక్కడి ప్రతి కుటుంబానికీ తెలిసిన పనే. అందుకని నేను ఊరి నుంచి నగరానికి జరిగే మొదటి వలస గురించి కాక, ఆ తర్వాత జరిగే రెండో వలస గురించి మాట్లాడతాను. నగరం మధ్యలో ఒక రేకుల గదిలో పదేళ్ళు బతికిన కుటుంబం, అద్దె కట్టుకోలేకనో, అరవై గజాల జాగా దొరికిందనో, సర్కారు ఇల్లు వచ్చిందనో సామాను ఆటోలో వేసుకుని నగరం అంచుకు పోతుంది. దీన్ని ఎవరూ వలస అనరు. "ఇల్లు మారారు" అంటారు. అంతే. మగవాడి విషయంలో ఆ మాట చాలావరకు నిజమే కావచ్చు. ఆడమనిషికి మాత్రం మారేది ఇల్లొక్కటే కాదు.

హైదరాబాదు శివార్ల సంగతి హనుమంతునిపాడులో ఎందుకని మీరు అడగవచ్చు. ఆ శివార్లలో ఉన్నది మన మనుషులే గనక. ఇక్కడ తాళం వేసి ఉన్న ఇంటి మనుషులు అక్కడ ఏదో ఒక కాలనీలో పోర్షను అద్దెకు తీసుకుని ఉన్నారు. వాళ్ళ పిల్లల్ని ఈ వెనక వరుస అవ్వలు సాకుతున్నారు. వాళ్ళకు కష్టం వస్తే మొదటి ఫోను వచ్చేది ఇక్కడికే.

మన వాళ్ళు ఎందుకు పోయారో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. మన దేశంలో ఫ్లోరోసిస్ రోగం గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. అంటే మన నీళ్ళలో విషముందని లోకానికి తెలిసి ఎనభై ఏళ్ళు దాటింది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. ఈ 28 ఏళ్ళలో ఒక తరం ఆడపిల్లలు పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని హైదరాబాదు చేరారు.

వాళ్ళు వెళ్ళినప్పుడు వెళ్ళింది తమ రాష్ట్ర రాజధానికి. 2014 జూన్ 2 తెల్లవారేసరికి వాళ్ళు పక్క రాష్ట్రంలో ఉన్న వలస కూలీలయ్యారు. మనుషులు కదలలేదు, సరిహద్దు కదిలింది. రాష్ట్రం ఏర్పడటం తప్పని నేననడం లేదు. అది అక్కడి ప్రజలు పోరాడి సాధించుకున్న హక్కు. ఆ కొత్త గీతకు అటూ ఇటూ మిగిలిపోయిన కూలి ఆడవాళ్ళ కాగితాల గురించి మనం తగినంత ఆలోచించలేదని మాత్రమే అంటున్నాను.

ఇక ఒక మనిషి సంగతి చెప్తాను. పేరు చెప్పను. ఈ మండలం ఆడపడుచే. మా సంఘంలో ఆరేళ్ళు పనిచేసింది.

నగరం మధ్యలో ఆమెది ఒక రేకుల గది. అద్దె 6,500. పది నిమిషాలు నడిస్తే చాలు, నాలుగు ఇళ్ళలో పని. ఒక్కో ఇంటికి 2,500, మొత్తం 10,000. పొద్దున ఆరు గంటలకు మొదటి ఇల్లు, ఎనిమిదికి రెండోది. మధ్యలో ఇంటికి వచ్చి పిల్లను బడికి పంపేది, అన్నం వండేది, మళ్ళీ పోయేది. భర్త బేల్దారి మేస్త్రి. ఆయనకు పనులన్నీ ఔటర్ రింగు రోడ్డు వైపు పడుతున్నాయి. గది అద్దె 9,000 చేస్తానన్నాడు ఓనరు. శివారులో రెండు గదుల పోర్షను 6,500కే వస్తుందని తెలిసింది. ఇల్లు మారారు. ఈ నిర్ణయంలో లెక్కకు వచ్చినవి రెండే: ఇంటి అద్దె, ఆయన పని. ఆమె పని ఎక్కడుందో ఆ లెక్కలో లేదు. ఆమె కూడా వెయ్యలేదు. "ఇళ్ళ పనే కదా అక్కా, ఎక్కడైనా దొరుకుతుంది" అంది నాతో.

మొదటి నెల ఆమె ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. తలుపు వేసుకుంటే తమది అనిపించే బాత్రూము, గాలి, ముందర నాలుగడుగుల జాగా. పదేళ్ళు పదకొండు కుటుంబాలతో ఒక్క లెట్రిను పంచుకున్న ఆడమనిషికి సొంత బాత్రూము అంటే ఏమిటో మనకు తెలుసు. ఆ సంతోషాన్ని తక్కువ చెయ్యకండి. శివారు చెడ్డది, బస్తీ మంచిది అని చెప్పడానికి నేను రాలేదు. బస్తీ మురుగులో ఉండమని ఎవరినీ అనకూడదు.

కానీ కొత్త కాలనీలో ఇళ్ళ పని దొరకలేదు. చుట్టూ ఉన్నది ఆమెలాంటి కుటుంబాలే. ఎవరు ఎవరిని పనికి పెట్టుకుంటారు? పాత ఇళ్ళకే పోవాలి. మూడు కిలోమీటర్లు షేర్ ఆటో, అక్కణ్ణుంచి బస్సు. గంటన్నర పోను, గంటన్నర రాను. మొదటి బస్సు పట్టుకున్నా ఆరు గంటల ఇంటికి అందదు. ఆ ఇల్లు పోయింది. మధ్యాహ్నం పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఉండాలి గనక ఆఖరి ఇల్లు కూడా పోయింది. నాలుగు రెండయ్యాయి, పదివేలు అయిదువేలయింది. ఆటోకు ఇరవై ఇరవై నలభై, బస్సుకు పాతిక పాతిక యాభై. నెలకు 26 రోజుల లెక్కన 2,340. చేతికి మిగిలింది 2,660.

అద్దె పెరగనివ్వకుండా కుటుంబం మిగుల్చుకున్నది 2,500. ఆమె పోగొట్టుకున్నది 7,340. కానీ మొదటి అంకెను ఇంట్లో అందరూ చెప్పుకున్నారు. రెండో అంకెను ఎవరూ కూడలేదు. పైగా ఏమన్నారో తెలుసా? "రెండువేల కోసం అంతదూరం ఎందుకు పోతావు, ఇంట్లో ఉండు" అన్నారు. అట్లా ఒక ఆడమనిషి సంపాదన ఆమె చేతిలోంచి జారిపోతుంది. ఎవరూ మాన్పించక్కర్లేదు. దూరమే మాన్పిస్తుంది.

ఇది ఒక్కరి కథ కాదు. ఢిల్లీలో 2004లో యమున ఒడ్డున ఉన్న బస్తీలను కూల్చి అనేక కుటుంబాలను ఊరికి దూరంగా బవానాకు తరలించారు. అక్కడి సంగతుల మీద కల్యాణీ మీనన్ సేన్, గౌతమ్ భాన్ 2008లో ఒక పుస్తకమే తెచ్చారు. పాత బస్తీ దగ్గరి ఇళ్ళలో పనిచేసిన ఆడవాళ్ళకు అంతదూరం నుంచి పనికి రావడం ఎంత కష్టమైందో ఢిల్లీ మహిళా సంఘాలకు తెలుసు. హైదరాబాదు అంచున కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళ కాలనీని ప్రారంభించారు. పేదవాళ్ళకు పక్కా ఇల్లు దక్కడం గొప్ప సంగతే. కాని ఇళ్ళ లెక్కతో పాటు మరో లెక్క మనం అడగాలి. ఆ ఇళ్ళలోకి వచ్చే ఆడవాళ్ళు ఇంతకు ముందు ఎక్కడ పనిచేసేవాళ్ళు, అక్కడికి మొదటి బస్సు ఎన్ని గంటలకు? ఇల్లు ఇచ్చే ముందే ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి.

మగవాడి ప్రయాణం చూడండి. పొద్దున పోతాడు, సాయంత్రం వస్తాడు. తాడు లాగినట్టు ఒక్క గీత. ఆడమనిషి ప్రయాణం ముక్కలు ముక్కలు. ఒక ఇల్లు, ఇంకో ఇల్లు, రేషను షాపు, అంగన్‌వాడీ, బడి, కూరగాయలు, ముసలి అత్తకు మందులు. బస్తీలో ఇవన్నీ నడిచి తిరిగే దూరంలో ఉంటాయి. శివారులో ఒక్కోటి ఒక్కో దిక్కున ఉంటుంది. ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దాదాపు అయిదు గంటలు ఇంటికే పోతే, దానిమీద మూడు గంటలు బస్సుకు పోతే, కూలికి మిగిలేది ఎంత, నిద్రకు మిగిలేది ఎంత? ఆమె తెల్లవారుజామున మూడున్నరకు లేచేది. "అక్కా, బస్సులో నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను" అని నవ్వింది ఒకసారి. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

బస్సు మాట వచ్చింది గనక టికెట్ మాట కూడా చెప్పుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. జీరో టికెట్ అంటారు. అది ఆడవాళ్ళు ఊరికే పుచ్చుకునే దానం కాదు, వాళ్ళ కాలానికి సమాజం కట్టే చిన్న బాకీ. అయితే అది తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళకే. ఆమె ఆధార్ కార్డులో హనుమంతునిపాడు మండలం అని ఉంది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు, ఇద్దరూ అంట్లు తోమడానికే పోతారు, ఒకరికి సున్నా, ఒకరికి పాతిక. మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది. ఇక్కడా ఆంధ్రప్రదేశ్ చిరునామా చూపాలి. కార్డు అక్కడికి మార్చుకున్న పిల్ల పండక్కి వచ్చి కనిగిరిలో బస్సెక్కితే టికెట్ కొనాలి. ఏ కార్డు పెట్టుకున్నా ఒకచోట ఆమె పరాయిదే.

"మరి ఆధార్ మార్చుకోవచ్చు కదా" అంటారు చదువుకున్నవాళ్ళు. ఆమె ఎందుకు మార్చుకోలేదో అడిగాను. అద్దె కాగితం రాసివ్వడానికి ఓనరు ఒప్పుకోలేదు. ఇక్కడి బియ్యం కార్డులో పేరు పోతుందేమో, పేరు పోతే అత్తగారి పింఛనుకు ఏమవుతుందో, రేపు ఇళ్ళ స్థలాలు ఇస్తే జాబితాలో ఉంటామో లేదో, ఇన్ని భయాలు. ఈ భయాలలో కొన్ని నిజం, కొన్ని అపోహ. ఏది నిజమో ఏది అపోహో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. ఓట్ల రోజు మాత్రం చిరునామా ఎవరికీ అడ్డు రాలేదు. 2024 మే 13న హైదరాబాదు నుంచి మన వైపుకు బస్సులు నిండి వచ్చాయి, మీరే చూశారు. ఓటు కోసం మనిషి ఎక్కడున్నదీ వెతికి పట్టుకోగలిగినవాళ్ళు, హక్కు కోసం వెతకలేరా?

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. దీన్ని చెప్పడానికే ఈరోజు వచ్చాను.

ఆమె ఇల్లు మారిన రెండు నెలలకు మా సంఘం రిజిస్టరులో ఆమె పేరు పక్కన "ఇల్లు మారినారు" అని రాసి గీత కొట్టాం. ఆ గీత నా చేత్తోనే కొట్టాను. బాధేమీ అనిపించలేదు. మంచి ఇంట్లోకి పోయింది, ఒక సమస్య తీరిందనుకున్నాను.

ఆర్నెల్ల తర్వాత ఒక రాత్రి పదకొండింటికి ఫోను చేసింది. భర్త తాగి వచ్చి కొట్టాడు. బస్తీలో ఉన్నప్పుడూ కొట్టాడు, లేదనను. కానీ అక్కడ పక్క గది ముసలమ్మ తలుపు బాదేది, ఎదురింటి వదిన లోపలికి వచ్చేసేది. నలుగురు చూస్తున్నారన్న సిగ్గన్నా ఉండేది ఆ మనిషికి. ఇక్కడ నాలుగు పోర్షన్లు, నాలుగు ఊళ్ళ మనుషులు, ఎవరికి ఎవరూ తెలియదు. ఆమె అరిచింది. పక్క పోర్షనులో టీవీ సౌండు పెంచారు.

నేనేమన్నానో తెలుసా? "భయపడకు తల్లీ, పొద్దున్నే ఆఫీసుకు రా" అన్నాను. పదేళ్ళుగా అందరికీ చెప్పే మాటే. బస్తీలో మా ఆఫీసు ఆమెకు రెండు సందుల దూరం. ఇప్పుడు అదే ఆఫీసు ఒక ఆటో, ఒక బస్సు, తొంభై రూపాయలు, ఒక రోజు కూలి, భర్తకు చెప్పాల్సిన ఒక అబద్ధం దూరం. నాకది తట్టలేదు. పొద్దున ఆమె రాలేదు. సర్దుకున్నారేమో అనుకున్నాను. పదకొండు రోజులకు వచ్చింది, ఎడమ చేతికి కట్టుతో.

మధ్యలో ఒక్కతే ఆ ప్రాంతపు పోలీసు స్టేషనుకు పోయిందట. "కార్డు ఆంధ్రాది, పెళ్ళి అక్కడిది, మీ ఊరికి పోయి కేసు పెట్టుకో" అన్నారట. చేయి విరిగిన మనిషిని 300 కిలోమీటర్ల అవతలికి పొమ్మన్నారు.

ఈ మాట తప్పు. చట్టం తెలియక మనవాళ్ళు వెనక్కి వచ్చేస్తున్నారు. అందుకే ఇక్కడున్న కార్యకర్తలు నాలుగు సంగతులు రాసుకోండి.

ఒకటి. 2005 గృహహింస చట్టం సెక్షన్ 27 ప్రకారం, బాధితురాలు శాశ్వతంగా గానీ తాత్కాలికంగా గానీ ఎక్కడ ఉంటున్నా, ఎక్కడ పనిచేస్తున్నా, అక్కడి మేజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే ఆమె ఉంటున్న శివారు సరే, ఆమె పనిచేసే నగరం సరే, పుట్టింటికి వచ్చేస్తే ఈ వైపు కోర్టు కూడా సరే. కార్డు మీద ఏ ఊరుందని అడిగే పని లేదు.

రెండు. అదే చట్టం సెక్షన్ 17 ప్రకారం, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా సరే, అద్దె ఇల్లయినా సరే. "నా ఇంట్లోంచి పో" అనే అధికారం భర్తకు లేదు.

మూడు. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా, ఏ స్టేషనులో అయినా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటాం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173లో ఇది రాసే ఉంది. భర్త, అత్తింటివారి క్రూరత్వం కేసుల్లో, తరిమివేతకు గురై ఆమె ఎక్కడ తలదాచుకుందో అక్కడ కూడా కేసు పెట్టవచ్చని 2019 ఏప్రిల్‌లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జీరో టికెట్ దొరకని మన పిల్లకు జీరో ఎఫ్ఐఆర్ అయినా దొరకాలి.

నాలుగు. రాత్రి పూట ఫోను చెయ్యడానికి 181 ఉంది, పోలీసుకు 112 ఉంది. ఈ నంబర్లు ఫోనులో ఉంటే చాలదు, బిడ్డకు కూడా నోటికి రావాలి. ఎందుకంటే కొట్టేవాడు మొదట లాక్కునేది ఫోనే.

ఆమెకు ఆ చట్టం కింద రక్షణ ఉత్తర్వు వచ్చింది. చేయి నయమయింది గాని మునుపటిలా బరువు ఎత్తలేదు. "ఊరికి పోతావా" అని అడిగితే పోనంది. "ఊళ్ళో ఏముందక్కా? నీళ్ళు లేవనే కదా వచ్చింది. ఈ ఇల్లు బాగుంది. ఇక్కడే ఉంటా" అంది. ఆ మాట నాకు పాఠం. కష్టం వచ్చిన ఆడదాన్ని వెనక్కి పంపడం పరిష్కారం అనుకుంటాం మనం. ఆమె కోరింది ఉన్నచోట నిలబడడం.

ఎలా నిలబడిందో విని తీరాలి. తెల్లవారుజాము మొదటి బస్సులో రోజూ ఎక్కేవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ళు, హాస్టల్లో వండేవాళ్ళు. పాలమూరు వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు, మన వైపు వాళ్ళు. కాలనీలో ఒకరికొకరు తెలియని మనుషులు బస్టాపులో తెలిశారు. ఈమె చేతికట్టు చూసి ఒకామె అడిగింది, ఇంకొకామె తన సంగతి చెప్పింది. బస్తీలో వీధి కుళాయి దగ్గర జరిగేది, ఇక్కడ బస్టాపులో జరిగింది. ఇప్పుడు వాళ్ళలో ఎవరైనా రెండు రోజులు బస్సుకు రాకపోతే, మూడో రోజు సాయంత్రం ఇద్దరు ఇంటికి పోయి తలుపు కొడతారు.

ఆ పద్నాలుగు మందీ కలిసి బస్సు డిపోకు అర్జీ పెట్టారు. రెండే కోరారు. బస్టాపులో లైటు, మొదటి బస్సు అరగంట ముందు. మూడుసార్లు తిరిగారు. లైటు వచ్చింది. బస్సును ఇరవై నిమిషాలు ముందుకు జరిపారు. ఇరవై నిమిషాలే కదా అనకండి. ఆ ఇరవై నిమిషాలతో ఆమెకు పోయిన ఆరు గంటల ఇల్లు ఆరున్నర ఇల్లుగా తిరిగి వచ్చింది. నెలకు 2,500. ఆ బస్సు ఎన్నింటికి బయలుదేరాలో నిర్ణయించే కాగితం మీద ఆడకూలీల పేర్లు పడటం ఆ డిపోలో అదే మొదటిసారేమో.

ఇక్కడ ఇంకో మాట. శివార్లలో ఆడవాళ్ళ మీద ఘోరం జరిగినప్పుడల్లా పెద్దలు చెప్పే పరిష్కారం ఒకటే, పొద్దుపోక ముందే ఇల్లు చేరమని. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దారుణం తర్వాత, ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీ వద్దని తెలంగాణలో ముఖ్యమంత్రి స్థాయిలో చెప్పారు. మంచి ఉద్దేశమే కావచ్చు. కాని చీకటి రోడ్డుకు లైటు పెట్టడానికి బదులు ఆడదాని గడియారాన్ని కత్తిరిస్తే, ఆమె కూలి కూడా కత్తిరించబడుతుంది. మనం అడగవలసింది వెలుగు, బస్సు, మనుషుల అలికిడి. ఇంట్లో ఉండిపొమ్మనే జాగ్రత్త మనకు వద్దు.

ఇక మనం ఏం చెయ్యాలి? పెద్ద తీర్మానాలు వద్దు. రేపటి నుంచి చెయ్యగలిగినవే చెప్తాను.

ఈ మండలంలో ప్రతి ఊళ్ళో, వెళ్ళిపోయిన ఆడవాళ్ళ పేర్లతో ఒక పుస్తకం పెట్టండి. ఎక్కడుంటున్నారు, ఇల్లు ఎప్పుడు మారారు, దగ్గర్లో మనవాళ్ళు ఎవరున్నారు. పంచాయతీ దగ్గర ఇంటి లెక్క ఉంటుంది, మనిషి ఎక్కడుందో ఉండదు. అది మనమే రాసుకోవాలి.

కాగితాల సంగతి ఇక్కడే, పండక్కి వచ్చినప్పుడే కూర్చోబెట్టి చెప్పండి. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డుకు వేరే రాష్ట్రంలో కూడా బియ్యం తెచ్చుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అని దీన్ని 2019 ఆగస్టులో మొదట ప్రయోగంగా పెట్టిన జోడీల్లో ఆంధ్ర, తెలంగాణ ఒకటి. కార్డు ఆ చట్టం కిందిదా, కేవలం రాష్ట్రం ఇచ్చిందా అనేది ముందు తెలుసుకోవాలి. అంట్లు తోమి తోమి వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళు ఉంటారు, వాళ్ళకు మిషన్ మీద వేలు పడదు. బియ్యం ఇవ్వకుండా పంపితే ఫిర్యాదు రాయించండి. ఓటు మార్చుకోవాలంటే ఫారం 8. పిల్లను కొత్త బడిలో చేర్చేటప్పుడు టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోతే, 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 చూపించండి. టీసీ ఆలస్యం ఎనిమిదో తరగతి లోపు పిల్లకు అడ్డు కాకూడదు.

ఆధార్ ఎక్కడుండాలో ఆమెనే తేల్చుకోనివ్వండి, కాని లాభనష్టాలు తెలిసి తేల్చుకోనివ్వండి. దానితో పాటు రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుదాం. పనిచేసే చోట ఆడకూలీకి కార్డు మీది ఊరితో పని లేకుండా బస్సు ఉచితం చెయ్యమని. ఇది అసాధ్యమేమీ కాదు. తమిళనాడులో 2021లో మామూలు టౌను బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం పెట్టినప్పుడు ఇంటి చిరునామా షరతు లేకుండానే పెట్టారు. ఢిల్లీలో 2019లో మొదలైన గులాబీ టికెట్ కూడా మొదట అలాగే ఇచ్చారు.

ఇక సంఘాలలో పనిచేసే నాలాంటివాళ్ళకు. మన ఆఫీసులు నగరం మధ్యలో ఉన్నాయి. మన మనుషులు అంచుకు వెళ్ళిపోయారు. వాళ్ళను ఆఫీసుకు రమ్మనడం మానుకుందాం. వారానికి ఒకరోజు తెల్లవారుజాము బస్టాపులో మనమే నిలబడదాం. రాత్రి ఫోను వస్తే "పొద్దున రా" అనకుండా, "పక్కన ఎవరున్నారు, నేను ఎవరిని పంపాలి" అని అడుగుదాం. అలా అడగడానికి ఆ కాలనీలో ఒక మనిషి పేరు, ఒక నంబరు ముందే మన దగ్గర ఉండాలి.

ఇల్లు అనేది నాలుగు గోడల లెక్క కాదు. ఆ గోడల నుంచి పనికి ఎంత దూరం, బడికి ఎంత దూరం, ఆపదలో తలుపు కొట్టే మనిషికి ఎంత దూరం అనేది ఇంటి లెక్కలోకి రావాలి. ఇప్పటిదాకా ఆ దూరాన్ని ఆడవాళ్ళు తమ నిద్రతో, కూలితో, ఒంటితో కట్టారు.

మా రిజిస్టరు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ గీతను చెరపలేదు, చెరిపితే నా తప్పు కనపడదు. దాని కింద ఆమె కొత్త చిరునామా, ఆ బస్టాపు పేరు, ఆ పద్నాలుగు మంది పేర్లు రాశాను. మీ దగ్గరా అలాంటి రిజిస్టర్లు ఉంటాయి. ఇంటికి పోయాక ఒకసారి తీసి చూడండి. "ఇల్లు మారినారు" అని రాసి గీత కొట్టిన ప్రతి పేరు దగ్గరా ఆగండి. ఈ సాయంత్రమే ఒక్కరికైనా ఫోను చేసి, మొదటి బస్సు ఎన్నింటికని అడగండి.

సెలవు.